పెట్టె కారు, విమానం కారు

దసరా నాడు పంజాగుట్టలో మేముండే అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగితే ఒక వాసన ఎదురొస్తుంది. టైరు కింద నలిగిన నిమ్మకాయ పులుపు ముందు, దాని వెనకే రబ్బరు, ఆ రెంటి మీదా హారతి కర్పూరం. ఈ మూడూ అదే వరసలో ముక్కుకు తగలగానే నేను లిఫ్ట్ బటన్ నొక్కడం మరిచిపోయి నిలబడిపోతాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆయుధపూజకు ఎనిమిది నిమ్మకాయలు కావాల్సి వచ్చేవి. ఎనిమిది ఎందుకంటే కార్లు రెండు. ఊరు అమీర్‌పేట, వీధి బల్కంపేట వెళ్లే దారికి పక్క వీధి, ఇల్లు మా పెదనాన్నగారిది, కార్లు రెండూ స్వీడన్‌వి.

పెదనాన్న జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఒక ప్రాజెక్టులో టర్బైన్లు బిగించడానికి స్వీడన్ నుంచి వచ్చిన ఇంజనీర్లు పని ముగించుకుని వెళ్తూ వదిలేసిన కార్లను వేలం వేస్తే, ఈయన ఒకటి పాడుకోవడానికి వెళ్లి రెండు పాడుకొచ్చారు. ఒకే దేశం సరుకు కదా, ఒకటి నడుపుకుంటే రెండోది విడిభాగాలకు పనికొస్తుందని ఆయన ఆలోచన. తీరా చూస్తే అవి రెండూ ఒకదానికొకటి బద్ధ విరోధుల్లాంటి కంపెనీలు. స్వీడన్‌లో జనం నువ్వు ఆ కారు మనిషివా, ఈ కారు మనిషివా అని పోట్లాడుకుంటారట. ఒక కంపెనీ ఇంజను బోల్టు రెండో కంపెనీ నట్టులోకి దిగితే ఒట్టు. రెండు బళ్లకూ కలిసిన వస్తువులు నేను చివరికి మూడు తేల్చాను: బ్యాటరీ, అద్దం తుడిచే వైపర్ రబ్బరు, టైర్లలో గాలి.

మొదటిదాన్ని మేము పెట్టె అనేవాళ్లం. నిజంగానే గీతబద్ద పెట్టి గీసినట్టుండేది, వంపన్నది లేదు, తలుపు వేస్తే బీరువా మూసినట్టు చప్పుడయ్యేది, దాని డిక్కీలో ఎండాకాలం మొదట్లో మోండా మార్కెట్ నుంచి ఆవకాయకు తెచ్చిన కాయల జీడి వాసన వానలు పడేదాకా పోయేది కాదు. రెండోది విమానం. విమానాలు చేసే కంపెనీ నుంచి పుట్టిన కారు కాబట్టి ఆ పేరు, ఆకారం కూడా అలాంటిదే. ముందు అద్దం సగం గుండ్రంగా వంగి ఉండేది, మీటర్లన్నీ నడిపేవాడి వైపు తిరిగి ఉండేవి, బానెట్ పైకి లేచే ముందు కాస్త ముందుకు జరిగేది, తాళం స్టీరింగ్ దగ్గర కాకుండా రెండు సీట్ల మధ్య గేరు పక్కన పెట్టాలి. నేను విమానం మనిషిని. అది నాకు తొమ్మిదో ఏట తెలిసింది, పదకొండో ఏట దాని కోసం ఒక తప్పు చేశాను.

రెండు కార్లకూ హెడ్‌లైట్లను తుడవడానికి చిన్న చిన్న వైపర్లుండేవి. అవి చూడటానికి మా వీధి పిల్లలు వంతులు వేసుకుని వచ్చేవాళ్లు. అవి కంప్యూటర్ కోర్సుల రోజులు. గోడ కనిపిస్తే పోస్టరు, మనిషి కనిపిస్తే కరపత్రం, కరెంటు స్తంభానికి కిందినుంచి పైదాకా జావా, ఒరాకిల్, హాస్టల్ వసతి కలదు, ఇంటి వంట దొరుకును. కరపత్రాలు పంచే కుర్రాళ్లు అన్ని బళ్లకూ ముందు అద్దం వైపర్ కిందే దోపేవాళ్లు, మా బళ్లకు మాత్రం హెడ్‌లైట్ల వైపర్ల కింద కూడా చెరొకటి పెట్టి వెళ్లేవాళ్లు. సాయంత్రం అవన్నీ ఏరి, వెనక తెల్లగా ఉన్నవి రఫ్ పనికి పక్కన పెట్టుకోవడం నా డ్యూటీ. ఎదురు షాపులో మిరపకాయ బజ్జీలు కాగే నూనె వాసన, మెస్సులో మాడిన పోపు, పక్కనే జిరాక్స్ మిషన్ వేడి, వీటన్నిటి మధ్య ఆ ఏరుడు నాకు ఆటతో సమానం.

ఇంజను ఆన్ చెయ్యగానే రెండు కార్లకూ లైట్లు వాటంతటవే వెలిగేవి, మిట్టమధ్యాహ్నమైనా సరే. ఇంటి నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా స్కూటర్ల వాళ్లు, ఆటోల వాళ్లు, బస్సు ఫుట్‌బోర్డు మీదివాళ్లు అందరూ వేళ్లు ముడిచి విప్పి లైటు వెలుగుతోందని సైగ చేసేవాళ్లు. ప్రతి ఒక్కరికీ చెప్పలేక పెదనాన్న అందరికీ చెయ్యెత్తి వందనం చేస్తూ పోయేవారు. వెనక సీట్లోంచి పెద్దమ్మ, ఎన్నికల్లో నిలబడుతున్నారా ఏంటి అని అడిగేది. సీట్లను వేడిచేసే స్విచ్ కూడా ఉండేది. మే నెలలో చుట్టాలెవరైనా ముందు సీట్లో కూర్చుంటే నేను మెల్లగా దాన్ని నొక్కేవాణ్ణి. వాళ్లు హైదరాబాద్ ఎండల గురించి మాట్లాడుతూ కదిలి కదిలి కూర్చునేవాళ్లు.

ఆషాఢంలో ఎల్లమ్మ గుడికి బోనాలు వెళ్లేటప్పుడు మా వీధి నిండిపోయేది. డప్పులు, వేపాకులు, తడి పసుపు, సాంబ్రాణి పొగ. నెత్తి మీద బోనంతో వచ్చిన ఆడవాళ్లు క్షణం ఆగి పెట్టె బానెట్ మీద చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకుని వెళ్లేవాళ్లు. ఆ పసుపు చేతి గుర్తులు కడగడానికి పెద్దమ్మ వారం దాకా ఒప్పుకునేది కాదు.

రెండింటినీ బతికించినవాడు యాదగిరన్న. బోరబండలో మెకానిక్ షెడ్డు. పుస్తకం లేకుండా, పార్టు దొరక్కుండా, లేత్ మిషన్ మీద చేయించుకుని అతికించేవాడు. విమానం బానెట్ మొదటిసారి తెరిచినప్పుడు చాలాసేపు చూసి, "ఇంజన్ ఉల్టా వెట్టిండ్రు సార్. క్లచ్ ముంగటికే ఉన్నది, ఇంజన్ దించే పనే లేదు. మస్తు తెలివిగల్లోళ్లు," అన్నాడు. పెట్టె గురించి అడిగితే, దానికి ఫికరే లేదని, తను పోయినా అది నడుస్తుందని చెప్పాడు. ఆ ముక్క నాకు నచ్చలేదు.

నా ఆరో తరగతిలో పెదనాన్న ఇల్లు బిల్డర్‌కు ఇచ్చారు. కింద సెల్లార్, మధ్య అంతస్తులన్నీ కోచింగ్ సెంటర్లు, పై అంతస్తులో మా వాటా. కాగితాల మీద అంతా బాగానే ఉంది కానీ మా వాటాకు పార్కింగ్ ఒక్కటే. దసరా వెళ్లాక ఇల్లు ఖాళీ చెయ్యాలి, ఈలోగా ఒక కారు వెళ్లిపోవాలి.

ఏది ఉంచాలన్న ప్రశ్నకు పెదనాన్న తన డిపార్ట్‌మెంటు పద్ధతి పెట్టారు. టెండర్లు వస్తే వాళ్లు అన్నింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన వేసి కంపారెటివ్ స్టేట్‌మెంట్ తయారుచేసేవాళ్లు, ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేకుండా అంకెలే చెప్పాలి. అలాగే మా కార్లకూ చేద్దామన్నారు. ఇరవై అంశాలు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని ముందే నిర్ణయం, కొలతలు తీసి రాయడానికి నేను. రెండు వారాల పాటు నేను స్కూలు నుంచి వచ్చి బ్యాగు విసిరేసి టేపు పట్టుకునేవాణ్ణి. డిక్కీ లోతు, సీటు ఎత్తు, నేల నుంచి కారు అడుగు ఎంత ఎత్తు, లీటరుకు ఎంత దూరం, స్టార్టర్ ఎన్ని తిప్పులకు అందుకుంటుంది. పొడవులో అర అంగుళం కూడా సర్దలేదు. సర్దాల్సిన అవసరం రాలేదు, అంతే. పందొమ్మిది అంశాలయ్యేసరికి విమానం రెండు మార్కులు ముందుంది.

ఇరవైయ్యోది తిరిగే కొలత. కారు పూర్తిగా మలుపు తిరగడానికి ఎంత జాగా కావాలన్నది. బిల్డర్ ప్లానులో మా పార్కింగ్ ఒక స్తంభం వెనక ఉంది కాబట్టి దీనికి పెదనాన్న ఎక్కువ మార్కులు పెట్టారు, తక్కువ జాగాలో తిరిగి గెలిచిన బండికి పదిహేను, ఓడినదానికి పది. వీధి చివర ఖాళీ జాగాలో, వాన వెలిసిన ఉదయం, ఆయన స్టీరింగ్ చివరిదాకా తిప్పి ఒక్కో కారునూ గుండ్రంగా నడిపారు. తడి మట్టిలో చక్రం గీసిన వలయం స్పష్టంగా పడింది. టేపు ఒక కొసను ఇటుక కింద పెట్టి రెండో కొస లాగి చదివింది నేనొక్కణ్ణే. పెట్టెది ముప్పై రెండు అడుగుల చిల్లర. విమానానిది ముప్పై నాలుగుకు కొంచెం తక్కువ.

నోటుపుస్తకంలో ఆ రెండు అంకెలూ తారుమారు చేసి రాశాను. రాశాక పెన్ను మూత పెట్టడం రాలేదు.

ఆదివారం పొద్దున కమిటీ కూర్చుంది. కమిటీ అంటే పెదనాన్న, మా నాన్న, అమ్మ, బోరబండ నుంచి పిలిపించిన యాదగిరన్న. వంటింట్లో పెద్దమ్మ పెసరట్లు పోస్తోంది, అల్లం వాసన హాల్లోకి వస్తోంది. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంశం, ఒక్కో అంకె, ఒక్కో మార్కు గట్టిగా చదివారు. చివరి అంశం చదివి, మొత్తం కూడి, విమానం ఏడు మార్కుల ఆధిక్యమని ప్రకటించారు. యాదగిరన్న ఏదో అనబోయి నేల వైపు చూశాడు.

పెద్దమ్మ అట్లకాడ చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఆ చివరిది తప్పండీ. పెట్టె మన జిరాక్స్ షాపు ముందు ఒక్క తిప్పులో తిరుగుతుంది. విమానాన్నే ఒకసారి వెనక్కి తియ్యాలి."

పెదనాన్న కళ్లజోడు మీంచి చూశారు. "నీకెలా తెలుసు?"

పెనం మీది అట్టు మాడుతున్న వాసన వచ్చింది. యాదగిరన్నే చెప్పాడు.

"అమ్మ మూడు నెల్ల సంది నడుపుతున్నది సార్. మీరు లక్డీకాపూల్ పోయిన దినాలల్ల. జర కోపం జెయ్యకుండ్రి."

పెదనాన్న వారానికి మూడు రోజులు లక్డీకాపూల్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లేవారు, ఆ ట్రాఫిక్‌లో కార్లు పాడవుతాయని బస్సులో. ఆ మూడు రోజులూ యాభై రెండేళ్ల పెద్దమ్మ యాదగిరన్నను పక్కన కూర్చోబెట్టుకుని పెట్టె నడపడం నేర్చుకుంది. విమానం కూడా రెండుసార్లు ప్రయత్నించిందట, నచ్చలేదట. లైసెన్సు అని పెదనాన్న సణిగితే, లోపలికి వెళ్లి దేవుడి అర మీద పంచాంగం కింద నుంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఫోటోతో సహా రెండు వైపులా చదివారు.

తర్వాత అందరం వీధిలోకి వచ్చాం. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పెట్టెలో కూర్చుంది. పెదనాన్న బనీనుతోనే, స్టేట్‌మెంట్ చేతిలో పట్టుకుని, జిరాక్స్ షాపు అరుగెక్కారు. హాస్టల్ కుర్రాళ్లు టీ గ్లాసులతో ఆగిపోయారు. ఇటు మురుగు కాల్వ బండ, అటు కరెంటు స్తంభం. పెట్టె మెల్లగా వచ్చి, ఆవిడ రెండు చేతులతో స్టీరింగ్ చివరిదాకా లాగగా, స్తంభానికి జానెడు ఎడంగా మూతి తిప్పుకుని, బండను తాకకుండా, ఆగకుండా, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఒక స్కూటరాయన వేళ్లు ముడిచి విప్పి లైటు సైగ చేశాడు. పెద్దమ్మ కారు ఆపకుండా చెయ్యెత్తి వందనం చేసింది.

పెదనాన్న అరుగు దిగి విమానం తీశారు. స్తంభం దగ్గర ఆగారు. వెనక్కి తీశారు. మళ్లీ తిప్పారు.

ఇంట్లోకి వచ్చి ఆయన బల్ల దగ్గర కూర్చున్నాక నేనే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు. తప్పు అంకెల మీద స్కేలు పెట్టి ఒక్క గీత కొట్టి, పైన సరైనవి రాయమని పెన్ను ఇచ్చారు. రాశాను. పక్కన తన పొట్టి సంతకం చేసి కాగితం నా వైపు జరిపారు.

"కొట్టివేత దగ్గర కొలిచినవాడు కూడా సంతకం పెట్టాలి."

అప్పటిదాకా నాకు సంతకం లేదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను, గడి పట్టక అంచు దాటింది. ఆయన మార్కులు మళ్లీ కూడారు. పెట్టె మూడు మార్కులు ఎక్కువ. కాగితాన్ని ఫైల్లో పెట్టి, పెద్దమ్మ వైపు తిరిగి, అట్లు చల్లారిపోయాయా అని అడిగారు. నేను అంకెలు తారుమారు చేసిన సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు.

విమానం వినాయక చవితికి ముందే వెళ్లిపోయింది. బెంగుళూరు నుంచి ఒకాయన అలాంటి కార్లంటే పిచ్చి ఉండి వెతుక్కుంటూ వచ్చాడు. వీధి చుట్టూ ఒక రౌండు వేసి వచ్చి ఆపాక ఆయనకు తాళం బయటికి రాలేదు. లాగాడు, తిప్పాడు, యాదగిరన్నను పిలవమన్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని, రివర్స్ గేరులో పెట్టి అప్పుడు తీయండి అన్నాను. తాళం వచ్చింది. ఆయన నవ్వి, మీదేనా బండి అన్నాడు. అవునన్నాను. ఆ మాటకు ఎవరూ కొట్టివేత పెట్టలేదు.

పెట్టెను పెద్దమ్మ పదమూడేళ్లు నడిపింది. కూరగాయలకు, గుడికి, నా ఇంజనీరింగ్ ఎంట్రన్సుకు, పెదనాన్న కంటి ఆపరేషన్‌కు. ఇప్పుడు పెదనాన్న లేరు. పెట్టె తుక్కుకు వెళ్లింది. విమానం చేసిన కంపెనీ మూతపడింది, పెట్టె చేసిన కంపెనీ చేతులు మారింది. బోరబండలో షెడ్డున్న చోట మొబైల్ షాపు, ఖాళీ జాగాలో లేడీస్ హాస్టల్. కోర్సులు సగం ఫోన్లలోకి వెళ్లిపోయాయి, కరపత్రాలు పంచేవాళ్లు తగ్గారు.

పోయిన నెల పెద్దమ్మను గుడికి తీసుకెళ్తూ మా పాత వీధిలోకి తిరిగాను. రెండు వైపులా హాస్టల్ పిల్లల బైకులు, మధ్యలో ఒక్క కారుకే దారి. జిరాక్స్ షాపున్న చోట ఇంక ముందుకు పోలేక రివర్స్ వేశాను. పెద్దమ్మ అద్దం దించి, ఒకప్పుడు కరెంటు స్తంభం ఉన్న చోటు చూసింది. తర్వాత నా చేతి మీద తట్టి, "నిదానంగా రా నాన్నా, వెనక ఎవరూ లేరు," అంది.