పాపాయమ్మ విస్తరి

పాలకొల్లు కాలవ గట్టున, లాకులకు దగ్గరలో పాపాయమ్మ పూటకూళ్ల ఇల్లు నడిపేది. రాజమహేంద్రవరంలో కోర్టు పనులు చూసుకుని నరసాపురం వైపు తిరిగివెళ్లే పడవల జనం ఆమె చారు వాసనకే రేవులో దిగేవాళ్లు. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ చేతివంటే ఆమెకు మొగుడూ, మాన్యమూను.

కడుపులో మంట మొదలై ఏడాది దాటింది. మొదట్లో మజ్జిగ తాగితే సర్దుకునేది. ఇప్పుడు కుంపటి కడుపులోనే రాజుకున్నట్టుండేది. మొన్న వాంతిలో నెత్తురు కూడా పడింది. వైద్యుడు కామావధానులుగారు నాడి చూసి కుండబద్దలు కొట్టారు.

"మందు ఎవడైనా ఇస్తాడమ్మా. పొద్దు నడినెత్తికొచ్చేసరికి నువ్వు విస్తరి ముందుండాలి. వేళ తప్పావా, నా లేహ్యం గోదాట్లో కలిపినట్టే. వచ్చే వానాకాలం చూడవు."

"అలాగేనండి," అంది పాపాయమ్మ.

అనడానికేం! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, వైద్యుడు చెప్పినా మడి ఒప్పుకోదు. మడి కట్టుకునే వండాలి, మడితోనే వడ్డించాలి. మధ్యలో తానొక్క ముద్ద తిన్నదా, మళ్లీ స్నానం, మళ్లీ ఎసరు. అంతసేపు ఆగే పడవ ఏది? ఒక్క పడవవాళ్లని పస్తు పంపితే ఆ మాట కాలవ పొడుగునా పాకుతుంది. అందుకని ఆఖరి పడవ తిన్నాకే ఆమె తిండి. ఆ పడవేమో గాలి దయ. పైగా విధవకి ఒంటిపూటే. దీపం పెట్టాక అన్నం ముట్టకూడదు. ఇంటినిండా అన్నమే, అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని!

ఆ దశమి నాడు మొదటి పడవవాళ్లు చేతులు కడుక్కోగానే పాపాయమ్మ తెగించింది. ఎదురుగాలి, రెండో పడవ జాడ లేదు. ఎవరికోసం బతకాలో ఆమెకే తెలీదు గానీ, బతకాలని ఉంది, చావంటే భయంగా ఉంది. విస్తరి వేసుకుంది. అన్నం, పప్పు, నెయ్యి వడ్డించుకుంది. కూర్చోబోతుంటే గుమ్మంలో పిలుపు.

"పాపాయమ్మా! ప్రాణం కడగట్టిపోతోందమ్మా."

కామావధానులుగారే. అవతలి గట్టున రోగిని చూసి, ఎండలో నడిచి వచ్చారు. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి, విస్తరి చూసి ముసిముసిగా నవ్వారు.

"నేను రావడం గట్టుమీంచే చూశావన్నమాట!" అంటూ పీట మీద కూర్చుని ఔపోశన పట్టారు.

పాపాయమ్మ పక్కకి తప్పుకుంది. ఔపోశన పట్టినవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపితే ఏడు జన్మల పాపం. ఒక్క ముద్ద ముందుగా నోట్లో పెట్టుకున్నా బాగుండేది, మడి పోయిందండీ అని చెప్పేసేది. ఒక్క ముద్ద! గోడకి ఆనుకుని, కొంగు కడుపులోకి అదుముకుంది.

"వేళకి తింటున్నావా?" అన్నారాయన పప్పు కలుపుకుంటూ.

"తింటున్నానండి."

"మొహంలో తెలుస్తోంది, తేట వచ్చింది. ఇదిగో, ఈ పప్పు ఇంకాస్త వెయ్యి."

వేసింది. ఆయన మీద కోపమన్నా వస్తే బాగుండునని ఏడుపొచ్చింది. ఆయన మజ్జిగన్నంలో ఉండగానే రేవులో సరంగు కేక వినబడింది. రెండో పడవ వచ్చేసింది, దాని నిండా జనం. పాపాయమ్మ మళ్లీ పొయ్యి ఎగదోసింది.

వెళుతూ కామావధానులుగారు గుమ్మంలో ఆగారు. "ఇవాళ వేళకి తినడం మంచిదైందమ్మా. రేపెలాగూ నీకు ఉపవాసమేగా."

"అవునండి," అంది ఆమె, విస్తళ్లు పరుస్తూ.

ఆఖరివాడు చెయ్యి కడుక్కునేసరికి రేవులో దీపాలు వెలిగాయి. గిన్నెలో అన్నం మిగిలే ఉంది, ఇంకా వేడిగానే ఉంది. పాపాయమ్మ దాని మీద మూత పెట్టి, పక్కనే నేల మీద ముడుచుకు పడుకుంది. తెల్లవారితే ఏకాదశి.