బోర్లా వేసిన శిలాఫలకం

1954 జూన్‌లో నన్ను కడపలోని ఒక కళాశాలలో చరిత్ర ట్యూటరుగా వేశారు. ట్యూటరంటే లెక్చరరుకు ఒక మెట్టు కింద. పెద్దవాళ్ళు తమకిష్టమైన పాఠాలు పంచుకున్నాక మిగిలినవి ట్యూటరుకు వస్తాయి. మౌర్యులు, మొగలాయీలు వాళ్ళకు వెళ్ళగా, నాకు ప్రాచీన గ్రీసు మిగిలింది.

నేను కృష్ణా డెల్టా వాణ్ణి. ఆ ఎండా, ఆ నల్లబండల నేలా నాకు కొత్త. ఒక గది అద్దెకు తీసుకుని హోటల్లో తినేవాణ్ణి. సాయంత్రం కాలేజీ వదిలితే మర్నాడు గంట కొట్టేదాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండేవారు కాదు. సహోద్యోగులు మంచివాళ్ళే, కానీ అందరూ సంసారులు. శానా ఒంటరిగా ఉండాదని అక్కడి మాటలోనే నాకు నేను చెప్పుకుని నవ్వుకున్న రోజులున్నాయి. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం కులాసా అనే రాసేవాణ్ణి.

ప్రతి శాఖకూ ఒక సంఘం ఉండాలి, ఏడాదికి రెండుసార్లు సభ జరగాలి. ఇది కాలేజీ నియమం. ఉపన్యాసం ఎలాగూ చిన్నవాడి నెత్తినే పడుతుంది. గ్రీకు నగరాల్లో ధనవంతుల దాతృత్వం గురించి మాట్లాడాను. నాటకాల ఖర్చు, యుద్ధనౌకల ఖర్చు అక్కడ సంపన్నులు భరించేవారనీ, కరువొస్తే ధాన్యం పంచేవారనీ, కుర్రాళ్ళు కసరత్తు చేసే చోట ఒంటికి పట్టించుకోవడానికి నూనె పోయించేవారనీ చెప్పాను. అందుకు బదులుగా ప్రజలు సభ తీరి, తీర్మానం చేసి, ఆ దాత పేరు రాతి మీద చెక్కించి నలుగురూ చూసేచోట నిలబెట్టేవారు.

ముందు వరుసలో ఓబుళప్ప కూర్చుని ఉన్నాడు. వేరుశనగ నూనె మిల్లు యజమాని, అరవై దాటిన మనిషి. మా హాస్టలు బావి నీళ్ళు ఉప్పగా ఉండేవి. రెండేళ్ళు రాయి పగలగొట్టించి తీపినీళ్ళ బావి తవ్వించి ఇచ్చింది ఆయనే. సభ అయ్యాక నా దగ్గరికొచ్చి, "నూనె గూడా ఇచ్చినారా సారూ? ఆ కాలంలో మిల్లులు యాడివి?" అని నవ్వాడు. కడపలో నా ఉపన్యాసం విని ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయన.

అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు నా గదికి వచ్చేవాడు. మిల్లు సంగతులు తక్కువ, చనిపోయిన భార్య నాగమ్మ సంగతులు ఎక్కువ మాట్లాడేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె కోసెడు దూరం నుంచి నీళ్ళు మోసుకొచ్చేదట. నేను గ్రీకుల కబుర్లు చెప్పేవాణ్ణి. ఆయన రాని ఆదివారం నాకు పొద్దు గడిచేది కాదు.

ఒక ఆదివారం ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావికాడ నాటేదానికి రాయి చెక్కిచ్చినా సారూ. కింద బండిలో ఉండాది. ఒకసారొచ్చి చూసి, బాగుండాదో లేదో చెప్తారా?"

లేచి పది మెట్లు దిగితే సరిపోయేది. నేను కుర్చీలోంచి కదలలేదు. గ్రీసులో రాయి ప్రజలు వేసేవారనీ, మనకు మనమే వేయించుకుంటే అది గౌరవం కాదు, ప్రకటన అవుతుందనీ పాఠం చెప్పినట్టు చెప్పాను. విద్యార్థి సంఘం చేత తీర్మానం చేయిస్తాను, అది వార్డెను ద్వారా ప్రిన్సిపాలుకు, అక్కడినుంచి యాజమాన్య సంఘానికి వెళుతుంది, అప్పుడు రాయి నాటుదాం అన్నాను.

"అట్లనే కానీండి సారూ. పిల్లోళ్ళు ఎయ్యల్ల అంటే పిల్లోళ్ళే ఏస్తారులే" అన్నాడు. ఆ రోజు కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

తీర్మానం ముసాయిదా రాసి వార్డెనుకు ఇచ్చాను. అర్ధసంవత్సర పరీక్షలయ్యాక చూద్దామన్నాడు. తర్వాత వార్షికోత్సవం వచ్చింది, దాని వెనకే పెద్ద పరీక్షలు. ఓబుళప్ప ఒకేసారి అడిగాడు, "పిల్లోళ్ళు మీటింగేమన్నా పెట్టినారా సారూ?" అని. పెడతారన్నాను. మళ్ళీ అడగలేదు. ఆదివారాలు రావడం కూడా తగ్గిపోయింది. నేను మిల్లుకు వెళ్ళి పలకరించవచ్చు. మొహం చెల్లక వెళ్ళలేదు. ఆ వేసవిలోనే అదే యాజమాన్యం నడిపే కర్నూలు కళాశాలకు నన్ను బదిలీ చేశారు. చెప్పకుండానే బండెక్కాను.

కర్నూలులో పాఠం కోసం అదే పుస్తకం మళ్ళీ తీశాను. పరీక్షల్లో రాదని కడపలో నేను దాటేసిన పేజీ ఒకటుంది. గ్రీసులో చాలామంది దాతలు తమ విగ్రహం ఖర్చు తామే పెట్టుకునేవారనీ, నాటకాల పోటీలో తన నాటకం గెలిచిన దాత తన స్మారకాన్ని తన డబ్బుతోనే కట్టించుకునేవాడనీ, దాన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదనీ ఆ పేజీలో ఉంది. ఈ సంగతి ఓబుళప్పకు ఉత్తరం రాద్దామనుకున్నాను. సిగ్గేసి రాయలేదు.

1958లో పరీక్షల పర్యవేక్షకుడిగా కడప వెళ్ళాను. మొదటిరోజు సాయంత్రం హాస్టలుకు పోతే, బావి పక్కన ఒక నల్లబండ మీద ఇద్దరు విద్యార్థులు బట్టలు ఉతుకుతున్నారు. ఓబుళప్ప కిందటేడు పోయాడని వంటాయన చెప్పాడు. ఆ బండ సంగతి అడిగాను.

"మిల్లు ఓబుళప్పే దింపిచ్చిపోయినాడు సార్. నిలబెడదామంటే వద్దన్యాడు. బోర్లా ఏపిచ్చి, పిల్లోళ్ళు గుడ్డలుతుక్కుంటార్లే అన్యాడు. ఆదివారమొస్తే వచ్చి దానిమిందనే కూర్చునేటోడు."

విద్యార్థుల చేత బండ తిరగేయించాను. మట్టి కడిగితే అక్షరాలు చెక్కినప్పటిలాగే ఉన్నాయి. మూడే వరుసలు.

నాగమ్మ బావి.
నీళ్ళు మోసి అలిసిన మనిషి.
తాగేవాళ్ళు తలుచుకోండి.

ఓబుళప్ప పేరు ఎక్కడా లేదు. బండకు నాలుగు పక్కలా వెతికాను. ప్రకటన అని నేను తీర్పు చెప్పిన రాయి అది.

"ఎవురు సార్ ఈ నాగమ్మ?" అని ఒక విద్యార్థి అడిగాడు. కోసెడు దూరం నుంచి నీళ్ళు మోసిన సంగతి చెప్పాను. నాలుగేళ్ళుగా నీళ్ళు తాగుతున్న ఆ హాస్టల్లో ఆ పేరు వినబడడం అదే మొదటిసారి. వినవలసిన మనిషి లేడు. నాకు ఏడుపొచ్చింది, బావిలోకి చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పరీక్ష గంట కొట్టేలోగా తాపీమేస్త్రిని పిలిపించి రాయి నిలబెట్టించాను. తీర్మానం లేదు, యాజమాన్యం అనుమతీ లేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట కూడా చెప్పి ఉండేవారు కాదు.

రిటైరయ్యేదాకా గ్రీకు దాతల పాఠంలో ఆ దాటేసిన పేజీ కూడా చెప్పాను. పరీక్షలో అది ఎన్నడూ రాలేదు. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా చూసి చెప్పమని అడిగితే, ముందు మెట్లు దిగి వెళ్ళి చూస్తాను. అభిప్రాయం ఆ తర్వాత చెబుతాను.