ఉడికిన దుంప నాది, పచ్చిది యాదమ్మది

చిక్కడపల్లి మార్కెట్లో కూరలు కొనేటప్పుడు ఆలుగడ్డను బొటనవేలితో నొక్కి చూడటం నాకు అలవాటు. మొలకొచ్చిందా, పచ్చబడిందా అని అందరూ చూస్తారు. నేను గట్టిగా ఉందా లేదా అన్నదొక్కటే చూస్తాను. మొన్న ఆదివారం అలా నొక్కుతుంటే కుప్పలో తెగిన దుంప ఒకటి చేతికి తగిలింది. పచ్చి దుంప వాసన, తడిమట్టి వాసన కలిసి ముక్కుకు తాకాయి. "ఏంది మేడం, ఆలుగడ్డకు నాడి చూస్తున్నరా?" అని అమ్మే ఆయన నవ్వాడు. నేనూ నవ్వి, ఆ తెగినదాన్ని కూడా సంచిలో వేసుకున్నాను. ఇంటికి నడిచినంతసేపూ యాదమ్మే గుర్తొచ్చింది.

చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను నారాయణగూడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్‌గా కొత్తగా చేరాను. మా ఇల్లు అశోక్‌నగర్‌లో. పోటీ పరీక్షల పిల్లలు పుస్తకం మూసి, ఆకాశం వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ నడిచే వీధి మాది. నేనూ ఆ బాపతే. కణత్వచం అంటే కణం చుట్టూ ఉండే పొర, అందులో కొవ్వు అణువులు రెండు వరుసలు, మధ్య మధ్య ప్రోటీన్లు అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. చేత్తో మాత్రం ఒక్క ప్రయోగమూ సరిగా చేసి ఎరగను. మా డిగ్రీ రోజుల్లో ఒకరి రికార్డు చూసి పదిమందిమి రాసుకున్నాం.

యాదమ్మ ఆ కాలేజీ ల్యాబ్ అటెండర్. యాభై దాటిన మనిషి. మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి భర్తతో పనికోసం వచ్చి, ఆ కాలేజీ గోడలకే ఇటుకలు మోసి, కట్టడం పూర్తయ్యాక అక్కడే అటెండర్‌గా ఉండిపోయింది. చదువు రాదు. అయినా ఏ సీసా అడిగినా, దాని మూత రంగునూ చీటీ మీది మరకనూ గుర్తుపెట్టుకుని క్షణంలో తెచ్చిచ్చేది. నోరు మాత్రం బాగా దురుసు. చేరిన రోజే నా చేతిలోంచి బీకరు లాక్కుని, "మీరు కడగకుండ్రి మేడం. మీరు కడిగితే నేను మళ్ల కడగాలె" అంది. నాకు చర్రుమంది. అప్పట్లో నన్ను ఎవరేమన్నా నేరుగా గుండెలోకి వెళ్లిపోయేది, రెండు రోజులు అక్కడే ఉండేది.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఏ ప్రాక్టికల్ అయినా సరే, మేమెవరం రాకముందే వచ్చి, వెనక కిటికీ గట్టు మీద తనొకసారి చేసి చూసుకునేది. ఎవరికీ చూపించేది కాదు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పింది: "ప్రయోగం అయితె మేడం పేరు, కాకుంటె అటెండర్ నీళ్లు ఖరాబ్ తెచ్చింది అంటరు. చానా ఏండ్ల కింద ఒక సారు గట్లనే అన్నడు. గప్పటి సంది నాది నేను పెట్టుకుంట."

ఆ ఏడాది చివర్లో నాకు డెమో క్లాసు పడింది. ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో కూర్చుని చూస్తారు. అది నచ్చితేనే మరుసటి ఏడాది ఉంచుతారు, లేకపోతే లేదు. అంశం ద్రవాభిసరణం, అంటే పొర గుండా నీళ్లు ఇటు నుంచి అటు వెళ్లడం. ప్రయోగం తేలికే. ఆలుగడ్డ చెక్కు తీసి, మధ్యలో గుంట తవ్వి, అందులో చిక్కటి చక్కెర నీళ్లు పోసి, మట్టం దగ్గర గుండుసూది గుచ్చి, దుంపను నీళ్ల పళ్లెంలో నిలబెట్టాలి. బయటి నీళ్లు కణాల పొరల్ని దాటి లోపలికొస్తాయి. చక్కెర అంత సులువుగా బయటికి రాలేదు. దాంతో లోపలి మట్టం పెరిగి సూది మునుగుతుంది.

ముందురోజు సాయంత్రం ఇంట్లో సాధన చేశాను. పచ్చి దుంప రాయిలా ఉంది. మూడు పగిలాయి, నా వేలు తెగింది. అప్పుడు వచ్చిందీ దివ్యమైన ఆలోచన. ఒక్క విజిల్ వచ్చేదాకా కుక్కర్లో పెట్టాను. చెక్కు చేత్తోనే ఊడొచ్చింది, గుంట చెంచాతో చక్కగా వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

క్లాసులో దుంపను పళ్లెంలో పెట్టి, బోర్డు మీద పొర బొమ్మ గీసి గడగడా చెప్పాను. నలభై నిమిషాలు గడిచాయి. గుంటలో నీళ్లు సూది దగ్గరే ఉన్నాయి. "మేడం, మట్టం పెరగలే" అన్నాడు ముందు బెంచీ అబ్బాయి. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకున్నారు. బొమ్మ గీసిన సుద్దముక్క చేతిలో విరిగింది.

అప్పుడు వెనక కిటికీ దగ్గర నుంచి యాదమ్మ ఒక పళ్లెం పట్టుకుని నడిచొచ్చింది. "సార్, మేడం రెండు పెట్టమన్నరు. గది ఉడకబెట్టింది, గిది పచ్చిది. తేడా సూపెట్టెందుకు" అని నా దుంప పక్కన తన దుంపను పెట్టింది. దాంట్లో సూది పూర్తిగా మునిగి, నీళ్లు అంచు దాకా వచ్చి ఉన్నాయి. పిల్లలందరూ లేచి చూశారు. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. ఉడకబెడితే పొరలు చెడిపోతాయి. వేటిని రానివ్వాలి, వేటిని ఆపాలి అన్న పని ఇక జరగదు. ఆ మాటే పిల్లలకు చెప్పాను, అదంతా ముందే అనుకున్నట్టు. ప్రిన్సిపాల్ గారు తలూపి వెళ్లిపోయారు.

పిల్లలు వెళ్లాక యాదమ్మ రెండు చేతులూ పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది.

"నాకు థ్యాంక్స్ ఏం వద్దు. పొద్దుగాల మీ సంచిల దాన్ని ముట్టంగనే ఎరుకైంది, మెత్తగుంది. చెప్దామంటె గప్పటికే సారొచ్చి కూసుండె. నౌకరి పోవద్దని నేను అబద్ధమాడిన. మీరు గూడ పిల్లలకు అబద్ధం చెప్తిరి గదా?"

"ఇప్పుడేం చేయమంటారు?"

"రేపు వాళ్లకు చెప్పుండ్రి. ల్యాబుల అబద్ధం ఉండొద్దు మేడం."

ఆ మాట నన్ను బాగా పరేషాన్ చేసింది. వచ్చే ఏడాది ఎవరెవరు ఉంటారో ఇంకా చెప్పలేదు. అరవై మంది పిల్లల నోళ్లు ఎవరు మూయగలరు? అయినా మర్నాడు క్లాసులోకి వెళ్లగానే చెప్పేశాను: ఆ దుంపను కావాలని ఉడకబెట్టలేదు, తవ్వడం రాక ఉడకబెట్టాను, మిమ్మల్ని కాపాడిన... కాదు, నన్ను కాపాడిన ప్రయోగం యాదమ్మది. మాట తడబడింది. ఒక అమ్మాయి లేచి, "మేడం, ఉడకబెడితె పొర పోతదని మీకు తెల్వదా?" అంది. "పుస్తకంలో తెలుసమ్మా, కుక్కర్ దగ్గర గుర్తు రాలేదు" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. నేను ఏడుస్తాననుకున్నాను, కానీ వాళ్లతో కలిసి నవ్వాను. అంత తేలిగ్గా నేనెప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

రెండు రోజులకు ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. "దుంప ఉడకబెట్టారటగా" అన్నారు. అవునన్నాను. "ఎందుకు పనిచేయలేదో ఇద్దరు పిల్లలు వరండాలో ఆపి మరీ నాకు పాఠం చెప్పారు. వచ్చే ఏడాది రెండూ మొదటి నుంచే పెట్టండి" అని ఫైల్లోకి తల దించుకున్నారు. వచ్చే ఏడాది అన్న మాట నాకు మెట్లు దిగాక గానీ తలకెక్కలేదు. ల్యాబ్‌కు పరిగెత్తి యాదమ్మకు చెబితే, "ఇగ జర కత్తి పట్టుడు నేర్చుకోండ్రి" అని నా చేతిలో ఒక పచ్చి దుంప పెట్టింది. ఆ మధ్యాహ్నమంతా తవ్వించింది. ఆ రోజు నుంచే ఆమెను అక్కా అని పిలిచాను. ఆమె మాత్రం చివరిదాకా మేడం అనే అంది.

దుంప తవ్వుతూనే ఆమెకు పొర సంగతి చెప్పాను. ఇన్నేళ్లూ ప్రయోగం చేస్తోంది గానీ ఎందుకలా అవుతుందో ఆమెకెవరూ చెప్పలేదట. అది విని నాకు సిగ్గేసింది. ఆ పొరలో ఒక్కో అణువుకు నీళ్లంటే ఇష్టపడే తల, నీళ్లంటే పడని తోకలు ఉంటాయని, తలలు బయటికి పెట్టి తోకలు లోపలికి దాచుకుని రెండు వరుసలుగా నిలబడతాయని చెప్పాను. గాలిలాంటివి వాటి సందుల్లోంచి దూరిపోతాయి. నీళ్లకు ప్రత్యేకంగా సన్నటి దారులున్నాయి. చక్కెరకు ప్రోటీన్ తలుపు కావాలి. కొన్నింటినైతే తక్కువున్న చోటి నుంచి ఎక్కువున్న చోటికి, శక్తి ఖర్చుపెట్టి ఎదురు తోయాలి.

"సాయంత్రం నారాయణగూడ చౌరస్తల బస్సెక్కినట్టు" అంది.

"అచ్చం అంతే అక్కా."

"మరి ఆ వరుసలు ఇటుకల లెక్క గట్టిగుంటయా?"

"లేదు. కదులుతూనే ఉంటాయి, పక్కపక్కకి జరుగుతూనే ఉంటాయి."

ఆమె కాసేపు దుంపను చేతిలో తిప్పుతూ చూసింది. "నేను ఇటుకలు మోసిన గోడల కంటె మంచి పనే" అని పెద్దగా నవ్వింది.

యాదమ్మక్క పదవీ విరమణ చేసి ఇప్పుడు అంబర్‌పేట్‌లో చెల్లెలింట్లో ఉంటోంది. నేనదే కాలేజీలో ఉన్నాను. ఇప్పటికీ ఎవరైనా మాటంటే నొచ్చుకుంటాను గానీ, ప్రతి మాటనూ రెండు రోజులు లోపల పెట్టుకోవడం తగ్గింది. ఏటా ఆ ప్రాక్టికల్ రోజు పిల్లలకంటే ముందే వెళ్లి, వెనక కిటికీ గట్టు మీద ఒకసారి చేసి చూసుకుంటాను. తర్వాత బల్ల మీద రెండు దుంపలు పెట్టి, ఉడికినది నాది, పచ్చిది యాదమ్మక్కది అని మొత్తం కథ చెబుతాను.

మార్కెట్లో సంచిలో వేసుకున్న ఆ తెగిన దుంపనే ఈసారి నా వంతుకు ఉడకబెట్టాను. క్లాసు అయ్యాక, ఎప్పటిలాగే, వరండాలోకి వచ్చి ఆమెకు ఫోన్ చేశాను. హలో కూడా లేదు.

"నాదాంట్ల సూది మునిగిందా?"

"మునిగింది అక్కా, అంచు దాకా వచ్చింది."

"మరి మీ దాంట్ల?"

"ఎక్కడిదక్కడే ఉంది."

"పిల్లలకు చెప్పిండ్రా?"

"చెప్పాను."

"గంతే, మంచిగైంది" అని ఫోన్ పెట్టేసింది. లోపల పిల్లలు బీకర్లు కడుగుతున్నారు. వెళ్లి వాళ్ల చేతుల్లోంచి తీసుకుని, మళ్లీ కడిగాను.