ఒక్క దీర్ఘం తేడా

ఇంట్లో ఆమెను అందరూ వసపిట్ట అనేవారు. బస్సు నడిపే తండ్రి సెలవు రోజున కాస్త కునుకు తీద్దామనుకుంటే, పక్కన చేరి కాలేజీలో ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు చెప్పేది. "తల్లీ, నీకు దణ్ణం పెడతాను, ఒక్క అరగంట నోటికి తాళం వెయ్యవే" అని ఆయన బతిమాలుకునేవాడు. ఇరవై రెండో ఏట సంఘం పెద్దలు పిలిచి, రెండేళ్ళపాటు సువార్త పనికి పరాయి దేశం వెళ్తావా అని అడిగితే, వాళ్ళ మాట పూర్తికాకముందే వెళ్తానంది. బయల్దేరే రోజు తల్లి ఆమె చెవిలో ఒకే మాట చెప్పింది. "అవతలివాళ్ళనీ కాస్త మాట్లాడనియ్యి."

తీరా వెళ్ళాక ఆమె నోట్లో ఉన్న ఆ దేశపు మాటలు లెక్కపెట్టి నలభై. అందులో పది అంకెలే.

ఉండటానికి ఒక గది ఇచ్చారు. రెండు మంచాలు, మధ్యలో ఇద్దరూ ఒకేసారి నిలబడలేనంత సందు. రెండో మంచం పెద్ద సిస్టర్‌ది. ఆవిడ ఇదే పనిమీద ఏడాదిన్నర ముందే వచ్చింది. ఆ భాష గడగడా మాట్లాడుతుంది కాని, ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆరింటికి లేవాలి, ప్రార్థన, తర్వాత భాష చదువు, తొమ్మిదికల్లా ఇస్త్రీ బట్టలతో వీధిలో ఉండాలి. ఎక్కడికి వెళ్ళినా ఇద్దరూ కలిసే వెళ్ళాలి. ఇంటికి ఫోను సోమవారం ఒక్కరోజే. ఆ గంటలో వసపిట్ట వారం కబుర్లన్నీ గుమ్మరించేది. అవతల తల్లి ఫోను గట్టుమీద పెట్టి వంట చేసుకుంటూ మధ్యమధ్య "ఊఁ" కొట్టేది. మిగతా ఆరు రోజులూ మాటలు లోపలే ఉండిపోయి కడుపు ఉబ్బినట్టుండేది. బేకరీ మెట్లమీద పిల్లి కనబడితే చాలు, చతికిలబడి దానితో తెలుగులో ఇంటి సంగతులన్నీ చెప్పుకునేది. పిల్లి ఓపికగా వినేది.

మూడో వారంలో పెద్ద సిస్టర్ గొంతు పోయింది. డాక్టరు టార్చి వేసి చూసి, ఐదు రోజులు పెదవి విప్పొద్దన్నాడు. ఆవిడ నోటుబుక్కులో రాసి చూపించింది: గదిలోనే ఉందాం.

"ఎందుకు సిస్టర్? నేనున్నాగా!" అంది వసపిట్ట, ఎగిరి గంతేసినంత పనిచేసి.

ఆ సాయంత్రం నిఘంటువు ముందేసుకుని ఒక వాక్యం తయారుచేసుకుంది. "నమస్కారమండీ, మీ ఆత్మల గురించి ఎప్పుడైనా ఆలోచించారా?" పెద్ద సిస్టర్‌ను ఆశ్చర్యపరచాలని స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని మరీ వందసార్లు వల్లెవేసింది.

చిక్కల్లా ఒకటే. ఆ భాషలో ఆత్మలకూ సాక్సులకూ మధ్య ఒక్క దీర్ఘమే తేడా. మన వసపిట్ట ఆ దీర్ఘాన్ని హాయిగా సాగదీసి మరీ నేర్చుకుంది.

మర్నాడు పొద్దున్నే వీధి చివర మూడంతస్తుల మేడకు వెళ్ళారు. మొదటి అంతస్తులో సగం గడ్డానికి నురగ పూసుకున్న మనిషి తలుపు తీశాడు.

"నమస్కారమండీ! మీ సాక్సుల గురించి ఎప్పుడైనా ఆలోచించారా?"

అతను వంగి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. వట్టి కాళ్ళు. మళ్ళీ ఆమెకేసి చూసి, మర్యాదగా తలుపు వేసేశాడు. పాపం, ఎంత లోతుగా ఆలోచించాడో అనుకుంది వసపిట్ట. వెనక్కి తిరిగితే పెద్ద సిస్టర్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. భుజాలు అదురుతున్నాయి. కళ్ళవెంట ధారగా నీళ్ళు.

"ఏడుస్తున్నారా సిస్టర్? నాక్కూడా మనసు కరిగిపోయింది" అంది వసపిట్ట.

పెద్ద సిస్టర్ కాదు కాదని చేతులూపింది. నోటుబుక్కు కోసం వెతికింది. అది వసపిట్ట సంచిలో ఉంది, వసపిట్ట అప్పటికే రెండో అంతస్తులో గంట నొక్కేసింది.

అక్కడ ఒక ముసలి పోస్ట్‌మ్యాన్, ఉద్యోగం విరమించినాయన. ప్రశ్న విని గుమ్మానికి చేరగిలబడ్డాడు. "ఆలోచించకేం తల్లీ! మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ అన్నీ ఆవిడే చూసుకునేది. ఆవిడ పోయాక పట్టించుకునే దిక్కే లేదు."

'ఆవిడ', 'పోయాక' అన్న మాటలు మాత్రం వసపిట్టకు అర్థమయ్యాయి. ఆయన చేయి పట్టుకుని, తన నలభై మాటల్లోంచి నాలుగు ఏరి, "భయం వద్దు. మీరు మంచివారు" అంది. ఆయన కళ్ళు తుడుచుకుని, ఇంత మంచి పిల్ల ఇంతకుముందు ఈ మెట్లెక్కలేదన్నాడు. పెద్ద సిస్టర్ మెట్లమీద కూలబడింది.

మూడో అంతస్తులో ధడేల్ ఆంటీ ఉంటుంది. ఆ పేరు ముందు వచ్చిన సిస్టర్లు పెట్టింది. మేడ కింద లాండ్రీ ఆవిడదే. సువార్త అన్న మాట వినబడితే చాలు, మెట్లన్నీ దద్దరిల్లేలా తలుపు మూస్తుంది. గదిలో ఉన్న ఇళ్ళ జాబితాలో ఆవిడ పేరు పక్కన ఎవరో ఎర్రసిరాతో 'వద్దు' అని రాసి రెండు గీతలు కొట్టారు. ఆ జాబితా వసపిట్ట చదవలేదు. పెద్ద సిస్టర్ ఆపడానికి పరుగున మెట్లెక్కి వచ్చేసరికే గంట మోగిపోయింది.

తలుపు తెరుచుకుంది. మనిషి గుమ్మం నిండా ఉంది. చెయ్యి అప్పుడే తలుపు మీద సిద్ధంగా ఉంది.

"నమస్కారమండీ! మీ సాక్సుల గురించి ఎప్పుడైనా ఆలోచించారా?"

చెయ్యి ఆగిపోయింది.

"ఎవరు పంపారు నిన్ను?"

ఈ ప్రశ్న పాఠంలో ఉంది. వసపిట్ట వేలు ఆకాశానికి ఎత్తింది. "పైనున్నాయన."

"డాబామీద గదిలో ఉండే ఆయనా? ఆయనవే తొమ్మిది ఉన్నాయి!" ఆంటీ ఇద్దరినీ రెక్క పట్టుకుని లోపలికి లాగింది. "పదకొండేళ్ళు! పదకొండేళ్ళ నుంచీ ఈ బరువు నేనొక్కదాన్నే మోస్తున్నాను. ఎవరైనా విన్నారా? ఒక్కరు విన్నారా?"

'బరువు', 'ఎవరైనా విన్నారా' అన్నవి వసపిట్టకు తెలుసు. వచ్చి మూడు వారాలైనా కాలేదు, ఒక మనిషి తన ముందు మనసు విప్పుతోంది! ఆంటీ గబగబా లోపలికి వెళ్ళి, నడుం ఎత్తున్న గోనెసంచిని ఈడ్చుకొచ్చి, దాన్ని బోర్లించింది. నేలంతా సాక్సులు. చారలవి, చుక్కలవి, మడమ చిరిగినవి, పసిపిల్లలవి. అన్నీ ఒంటివే.

"జతలో ఒకటి పోతే నన్ను దొంగ అంటారు. నేనేమన్నా మింగేశానా?"

వసపిట్టకు ఏమీ అర్థం కాలేదు. ఇదేదో విశ్వాసానికి పరీక్ష కాబోలనుకుంది. అయినా నేలమీద గుట్ట పోసి ఉంటే చేతులు ఊరుకోవు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక ఆకుపచ్చదాన్ని తీసి, దాని జోడు వెతకడం మొదలుపెట్టింది. దొరికింది! కెవ్వుమని కేక పెట్టింది. ఆంటీ కూడా కేక పెట్టి పక్కన చతికిలబడింది. అక్కణ్ణుంచి వసపిట్ట తెలుగులో, ఆంటీ తన భాషలో ఒకటే వాగుడు. ఒకరి మాట ఒకరికి అర్థంకాకపోయినా ఎక్కడా ఆగలేదు. పదిహేడు జతలు తేలాయి.

అప్పటికి పెద్ద సిస్టర్ నోటుబుక్కు చేజిక్కించుకుంది. గబగబా రాసి ముందుకు తోసింది. వసపిట్ట చదివింది. మొహం జేవురించింది. మొదటి అంతస్తు గుర్తొచ్చింది, రెండోది గుర్తొచ్చింది. లేచి నిలబడి, చేతిలో ఉన్న సాక్సు చూపించి "ఇది కాదండీ" అంది. గుండెమీద చెయ్యి వేసుకుని, ఈసారి దీర్ఘం తీసేసి, అసలు మాట పలికింది.

ఆంటీ ఆమె మొహంకేసీ, చేతిలో సాక్సుకేసీ చూసింది. తర్వాత మొదలైంది నవ్వు. నేలమీద పక్కకు ఒరిగి, సాక్సుల గుట్టలో పడి నవ్వింది. పెద్ద సిస్టర్ కూడా డాక్టరు మాట గాలికొదిలి, పగిలిన పిల్లనగ్రోవిలా కీచుకీచుమని నవ్వింది. ఇద్దరినీ చూసి వసపిట్టకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"ఆత్మ గురించి అడిగి ఉంటే మొహమ్మీదే తలుపేసేదాన్ని" అంది ఆంటీ, ఊపిరి అందాక. "గురువారం రండి. ఇంకో సంచి ఉంది."

వారం చివర పంపే నివేదికలో 'సాధించిన ఫలితం' అన్న చోట వసపిట్ట నిజాయితీగా 'పదిహేడు జతలు' అని రాసింది. సంఘం పాస్టరు అయ్యగారు ఫోను చేసి, పదిహేడు జంటలకు బాప్తిస్మం ఎక్కడ ఇచ్చారమ్మా అని అడిగారు. సంగతి విన్నాక చాలాసేపు అవతలి నుంచి దగ్గే వినబడింది. "గురువారాలు వెళ్ళండి" అన్నారు చివరికి.

వెళ్ళారు. జతలు కడుతూ ఆంటీ ఆమెకు భాష నేర్పింది. తప్పు పలికితే సాక్సు ఉండచుట్టి నెత్తిన కొట్టేది. నలభై మాటలు నాలుగు వందలయ్యాయి, తర్వాత లెక్క పోయింది. ఎనిమిదో నెలలో సంఘంలో మొదటిసారి ఆ భాషలో ప్రసంగించే వంతు వచ్చింది. వసపిట్ట వేదిక ఎక్కి చూస్తే, మంచి కోటు వేసుకుని ముందు వరసలో ధడేల్ ఆంటీ! తప్పు దొర్లినప్పుడల్లా వేలెత్తి, సరైన మాట గట్టిగా అందించింది. వసపిట్ట "థాంక్సండీ" అని దిద్దుకుని ముందుకు సాగింది. నాలుగోసారికి జనమంతా నవ్వాపుకోలేకపోయారు. ఆమెకూ నవ్వు ఆగలేదు. వేదికమీద నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతూనే ప్రసంగం ముగించింది.

బయట మెట్లమీద ఆంటీ కోటు బొత్తాలు పెట్టుకుంటూ అంది, "నువ్వు చెప్పినవాటిలో ఒక్కటీ నమ్మలేదు నేను. ఉచ్చారణ మాత్రం ఫరవాలేదు."

తర్వాతి ఆదివారం ఆవిడ రాలేదు. ఆ పై ఆదివారం వచ్చింది, పోస్ట్‌మ్యాన్‌నూ వెంటబెట్టుకుని.