నాలుగో నంబరు మట్టి

కళ్లజోళ్ల బావకి ఉన్న జబ్బు ఒక్కటే. మిరపమొక్క వేసే ముందు మట్టి ఎంచుకోవాలంటాడు. ఇందులో వింతేముంది, అందరూ అనే మాటే కదా అంటారా? ఆయన ఎంచుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది, ఇంకా పూర్తి కాలేదు. ఈ నాలుగేళ్లలో మేడ మీద పదకొండు బస్తాల మట్టి చేరింది, వంటింట్లో ఇరవై మూడు గాజు సీసాలు చేరాయి, మిరపకాయ మాత్రం ఒక్కటంటే ఒక్కటి కాయలేదు. కాయాలంటే మొక్క ఉండాలి. మొక్క ఉండాలంటే విత్తనం పడాలి. విత్తనం పడాలంటే ఏ మట్టో తేలాలి. అదే తేలదు.

ఆయన సంగతి బాగా తెలిసినవాడు ఆయన బావమరిది. తెలియక చస్తాడా, ఏ కొత్త మట్టి వచ్చినా ముందు పడేది అతని అరచేతిలోనే. బావ కళ్లజోళ్ల షాపు కింద, కాపురం మొదటి అంతస్తులో. బావమరిది ఉండేది రెండో అంతస్తులో. ఆఫీసుల్లో జిరాక్స్ మెషిన్లు బాగుచేసే ఉద్యోగం. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని దిగాడంటే అక్క వాళ్ల గుమ్మం దాటక తప్పదు. గుమ్మంలో బావ రెండు పిడికిళ్లూ బిగించి సిద్ధంగా ఉంటాడు.

"ఒరేయ్, కళ్లు మూసుకో."

"టైమైపోయింది బావా."

"ఒక్క నిమిషం. ఇది బాగుందా? ... ఇది బాగుందా?"

"రెండోది."

"సరిగ్గా చూసి చెప్పు. ఇది? ... ఇది?"

"మొదటిది."

"ఇందాక రెండోదన్నావు కదరా!"

"చేతులు మార్చావేమో అనుకున్నా."

"నేను మార్చలేదు. నీకే నిలకడ లేదు."

ముప్పై ఏళ్లుగా జనం కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా, ఇది బాగుందా' అని అడిగిన మనిషి. ఆ అలవాటు మట్టికీ పాకింది. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు కూడా అద్దాలు తయారయ్యేలోపు రెండు మూడు రకాల మట్టి పిసికి, నల్లటి చేతులతో, కొత్త చూపుతో ఇంటికెళ్లేవాళ్లు. అదేమిటో, షాపుకి గిరాకీ మాత్రం తగ్గలేదు.

ఇంట్లో అక్క పరిస్థితి ఇంకా ఘోరం. ఏ సీసా మూత తీసినా అందులో నీళ్లూ మట్టీ. మట్టిని నీళ్లలో గిలకొట్టి వదిలేస్తే అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, ఆ పైన బంక, పొరలు పొరలుగా తేరుకుంటాయట. ఏ పొర ఎంతుందో స్కేలు పెట్టి కొలిచి చీటీ అంటిస్తాడు. ఒకసారి ఓ చుట్టం అందులో ఒక సీసాని కాఫీ డికాషన్ అనుకుని గ్లాసులోకి వంచుకోబోయాడు. బావ లోపలి నుంచి ఒక్క పరుగున వచ్చి, "అయ్యో అయ్యో, కదపకండి! మూడు రోజుల్నుంచి తేరుకుంటోంది!" అన్నాడు. చుట్టం ఏమైపోతాడోనని కాదు, పొరలు చెదిరిపోతాయని.

"ఆయన నాకు పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదురా," అనేది అక్క. "నన్ను అయిదు నిమిషాల్లో ఎంచేసుకున్నాడు."

బావ దగ్గర పాఠం కూడా ఉండేది. ఎవరడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. "గుప్పిట్లో పిసికితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. ముద్దే కాలేదా, ఇసుక ఎక్కువ. విడిపోలేదా, బంక ఎక్కువ. క్యాప్సికం గారాబంగా పెరిగిన పిల్లరా. తిండి దండిగా ఉండాలి, తడి ఆరకూడదు, అలాగని కాళ్లు నీళ్లలో నానకూడదు. కారం మిరప అలా కాదు. మరీ మేపావనుకో, బోలెడు ఆకులు చూపిస్తుంది, కాయ చూపించదు. అచ్చం నీలాగే."

ఈ చివరి ముక్క బావమరిదికి గుచ్చుకునేది. గుచ్చుకోవడానికి కారణం అది నిజం కావడమే. అతను గిటారు నేర్చుకున్నాడు, పదకొండు రోజులు. ఈత నేర్చుకుందామని కళ్లద్దాలు కొన్నాడు, నీళ్ల దాకా వెళ్లలేదు. పొద్దున నడక మొదలుపెడదామని బూట్లు కొని, అవి అరిగిపోతాయని దాచాడు. ఏ పనైనా మొదలుపెట్టేటప్పుడు ఊరంతా చాటింపు వేసేవాడు, మానేసేటప్పుడు మాత్రం చడీచప్పుడూ ఉండేది కాదు.

అలా ఉండగా ఒక ఆదివారం ఇంటివాళ్ల సంఘం సమావేశం పెట్టారు. సంఘానికి పెద్ద మూడో అంతస్తులో ఉండే పెద్ద టీచరు గారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు కానీ ఆ చూపు ఇంకా రిటైరవలేదు. మెట్ల నిండా మట్టి అడుగులు పడుతున్నాయి, మేడ మీద బట్టలారేసుకోవడానికి చోటు లేదు, ఆ బస్తాలు తీసేయాల్సిందేనన్నారు. బావ లేచి, "ఇంకొక్క నాలుగు నెలలు టైమివ్వండి, ఎంపిక చివరికొచ్చింది," అని బతిమాలుకున్నాడు.

అప్పుడు ఊరుకోవచ్చు కదా బావమరిది? ఊరుకుంటే అతను అతనెందుకవుతాడు? వెనక వరసలోంచి లేచి, "అసలు మట్టి ఎంచుకోవడమేమిటండీ! పెరిగే మొక్క ఎందులోనైనా పెరుగుతుంది. ఎదురింటి పునాది గోతిలో మట్టి తెచ్చి నేను మిరపకాయలు కాయిస్తా చూడండి," అన్నాడు. నలుగురూ నవ్వారు. నవ్వితే అతనికి ఒళ్లు తెలీదు. "మూడు నెలలు. కాయించలేకపోతే ఏడాదిపాటు మెట్లన్నీ నేనే కడుగుతా," అని కూడా అనేశాడు.

"కాయిస్తే?" అన్నారు పెద్ద టీచరు గారు.

"కాయిస్తే ఏముందండీ, మట్టి ఎంచుకోనక్కర్లేదని తేలినట్టే."

"అయితే బస్తాలు దిగాలి," అన్నారావిడ, నోటు పుస్తకంలో రాసుకుంటూ.

బావ మొహం చూశాక బావమరిదికి నాలుక కరుచుకోవాలనిపించింది. అప్పటికే ఆ నాలుక చేయాల్సింది చేసేసింది.

రెండు పెద్ద కుండీలు, గోతిలోని పసుపుపచ్చ బంకమట్టి, నర్సరీ నుంచి ఒక క్యాప్సికం నారు, ఒక కారం మిరప నారు. బావ దూరంగా నిలబడి చూశాడు. "ఒరేయ్, అది కుండలు చేసుకునే మట్టిరా, కుండీలో వేసేది కాదు," అన్నాడు. అంతకుమించి అనలేదు. మూడు వారాలు తిరిగేసరికి మొక్కలు పసుపురంగుకి తిరిగి తలలు వేలాడేశాయి. పైన పోసిన నీళ్లు పైనే నిలిచి ఆకాశాన్ని చూపించేవి. కుండీ ఎత్తబోతే నడుం పట్టేసింది. అయినా బావమరిది రోజూ పొద్దున్నే వెళ్లి వాటి ముందు నిలబడి, "లేవండమ్మా, మెట్లు నేను కడగలేను," అని చెప్పుకునేవాడు.

అంతలో వేరే ఊళ్లో ఏదో ఆఫీసులో మెషిన్లు మొరాయించాయని మూడు రోజులు వెళ్లాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి మొక్కలు కొద్దిగా తల ఎత్తాయి. ఇంకో వారానికి చిగుళ్లు. నెలకి పూలు. మన వీరుడికి కారణం తట్టేసింది: తను ఊరి నుంచి వచ్చిన దగ్గర్నుంచి రోజూ కుండీని పావు చుట్టు తిప్పుతున్నాడు కదా, అదీ కిటుకు! అంతకుముందు కదలని కుండీ ఇప్పుడు ఒంటిచేత్తో లేస్తోంది. దానికీ కారణం తట్టింది: చేతుల్లో బలం పెరిగింది. భార్యకి కండ చూపించాడు. "ఎక్కడ?" అందావిడ. ఆఫీసులో బోర్డు మీద బొమ్మ గీసి, 'పావు చుట్టు పద్ధతి' అని అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. బాగుచేయాల్సిన మెషిన్ పక్కనే నోరు తెరుచుకుని ఉంది.

మెట్ల మీద బావ ఎదురైతే జాలిపడేవాడు కూడా. "ఏం చేస్తాం బావా, నీది ఎంపిక, నాది హస్తవాసి," అనేవాడు. బావ "ఊఁ" అనేవాడు. లోపల అక్క ఎందుకో పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు చూసైనా అనుమానం రావద్దూ? రాలేదు.

మూడు నెలలు నిండిన ఆదివారం ఇంటివాళ్లంతా మేడెక్కారు. క్యాప్సికం మొక్కకి పిడికిలంత కాయలు అయిదు, అందులో ఒకటి ఎర్రబారింది. కారం మిరప గుత్తులు గుత్తులుగా కాసింది. చప్పట్లు. బావమరిది అందరికీ దండాలు పెట్టి, పావు చుట్టు పద్ధతి గురించి మొదలుపెట్టబోయాడు.

"ఆగు," అన్నారు పెద్ద టీచరు గారు. ముప్పై అయిదేళ్లు పరీక్ష హాళ్లలో చీటీలు పట్టుకున్న మనిషి. "గోతి మట్టే అని నమ్మకమేమిటి? కుండీ బోర్లించు."

"ఓ, అలాగే!" అని అతను చొక్కా చేతులు మడిచి, క్యాప్సికం కుండీని ఠీవిగా బోర్లించాడు.

పైన వేలెడు మందాన పసుపుపచ్చ బంక పలకలా ఊడిపడింది. దాని కింద ఉన్నదంతా నల్లగా, పొడిపొడిగా, మెత్తగా రాలింది. కొబ్బరి పొట్టు, ఆకు ఎరువు, ముతక ఇసుక, వాటి నిండా తెల్లటి వేళ్లు.

"కాపీ!" అన్నారు పెద్ద టీచరు గారు. "బావగారి బస్తాల్లోంచి దొంగిలించి, పైన గోతి మట్టి కప్పావన్నమాట. ఎంత సిగ్గుచేటు!"

బావమరిది వంగి ఆ మట్టి గుప్పిట్లోకి తీసుకున్నాడు. పిసికాడు, ముద్దయింది. వేలితో పొడిచాడు, విడిపోయింది. ఈ మట్టి అతనికి తెలుసు. గుమ్మంలో కళ్లు మూసుకుని వంద సార్లు పట్టుకున్నాడు. నాలుగో నంబరు. బావ నాలుగేళ్లు కలిపీ తీసీ, తీసీ కలిపీ, ఎవరినీ తొక్కనివ్వకుండా మూల దాచుకున్న బస్తా అది. ఆ మూడు రోజుల ప్రయాణం గుర్తొచ్చింది. తేలికైన కుండీ గుర్తొచ్చింది. భార్యకి చూపించిన కండ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఈలోపు బావ గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "దొంగతనం కాదండీ టీచరు గారూ. అది గోతి మట్టే. బంకమట్టికి... అంటే... వేళ్లు బాగా పట్టాక... కింద అలా నల్లబడి పొడిపొడిగా అయిపోతుందండీ. సహజం."

బావమరిది బిత్తరపోయాడు. ఇసుకని ఒండ్రు అన్నందుకు సొంత మేనమామతో ఏడాది మాట్లాడని మనిషి, ఇంత మంది ముందు మట్టి గురించి అబద్ధమాడుతున్నాడు! అదీ చిన్నపిల్లలు కూడా నమ్మని అబద్ధం. చెమట తుడుచుకుంటూ, ఎవరి కళ్లలోకీ చూడకుండా ఆడుతున్నాడు.

"మీరే అంటున్నారు కాబట్టి నమ్ముతాను," అన్నారు పెద్ద టీచరు గారు, నమ్మని గొంతుతో. "అంటే మట్టి ఎంచుకోనక్కర్లేదని మీరే ఒప్పుకున్నట్టు. బస్తాలు దించేస్తారా?"

బావ పదకొండు బస్తాల వైపు ఒకసారి చూశాడు. "దించేస్తానండి," అన్నాడు.

నిజం చెప్పాలంటే బావమరిది ఒక్క క్షణం ఊరుకున్నాడు. గెలుపు చేతిలో ఉంది, మెట్లు కడగక్కర్లేదు, ఆఫీసులో బోర్డు మీద బొమ్మ ఇంకా చెరపలేదు. ఆ ఒక్క క్షణానికి తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

"అబద్ధమండీ!" అని అరిచాడు. "బంకమట్టి నల్లబడటమేమిటి, ఆయన మొహం చూడండి, అబద్ధమాడటం కూడా చేతకాదు. ఇది బావ మట్టి. నాలుగో నంబరు. గోతి మట్టిలో మొక్కలు చచ్చిపోతుంటే, నేను ఊళ్లో లేనప్పుడు ఆయనే మార్చాడు. నేను రెండు నెలలు నీళ్లు పోసి కూడా కనిపెట్టలేదు. పావు చుట్టూ లేదు, హస్తవాసీ లేదు. నేను ఓడిపోయాను."

పెద్ద టీచరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నోటు పుస్తకం తీసి కొట్టివేసి, మళ్లీ రాశారు. "గోతి మట్టిలో చచ్చేది, ఈ మట్టిలో కాసింది. కాబట్టి బస్తాలు ఉంటాయి. గోడ వారకి సర్దుకోండి. మెట్లు రేపటి నుంచి నువ్వే." వెళ్తూ వెళ్తూ రాలిన మట్టి ఓ గుప్పెడు తీసుకుని చీరకొంగులో మూట కట్టుకున్నారు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అందరూ దిగిపోయాక బావ వేళ్లు తేలిన మొక్కని రెండు చేతులతో ఎత్తి కుండీలో నిలబెట్టాడు. బావమరిది మట్టి ఎత్తి పోయసాగాడు.

"బావా, కాయకపోతే నీ బస్తాలు నీకుండేవి కదా. నువ్వెందుకు మార్చావు?"

"మొక్క చచ్చిపోతోందిరా."

"మొక్కదేముంది, ఇంకోటి దొరికేది."

"మొక్క దొరికేదే," అన్నాడు బావ, తల ఎత్తకుండా. "నువ్వు అన్ని రోజులు ఒక పని వదలకుండా చేయడం నేను అప్పుడే చూశాను. వానలో కూడా గొడుగేసుకుని వచ్చి నిలబడ్డావు. ఇదీ చచ్చిపోతే ఇంకేదీ మొదలుపెట్టవేమోనని భయమేసింది. కాస్త మెల్లగా పొయ్యి, వేళ్లు నలుగుతాయి."

బావమరిది మెల్లగా పోశాడు. కింద రాలిన చివరి గుప్పెడు కూడా ఏరి మొక్క మొదట్లో సర్దాడు.

మర్నాడు మెట్లు మూడంతస్తులూ కడిగి, నడుం పట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. బోర్డు మీద బొమ్మ చెరిపేశాడు. ఎర్రబారిన క్యాప్సికం బల్ల మీద పెట్టి, చుట్టూ చేరినవాళ్లతో, "కాయ మా బావది," అన్నాడు. ఉపన్యాసం కోసం అందరూ కాసేపు ఎదురుచూశారు. అతను సంచి తీసుకుని మెషిన్ బాగుచేయడానికి వెళ్లిపోయాడు.