వక్క మొలక కోసం మూడు నెలలు

మాయాబందర్‌లో తోట ఉన్న మా మావయ్య మూడు నెలల క్రితం నాలుగు పండిన వక్కకాయలిచ్చి, "తొక్కతోనే పాతు, రోజూ తడుపు. రెండు నెలల్లో మొలిచేస్తాయి" అన్నాడు. షాదీపూర్‌లో మా బాల్కనీ కుండీలో పాతి, ఒక్కరోజు మానకుండా నీళ్లు పోశాను. మొలక లేదు. పుచ్చు కాయలిచ్చావని మావయ్యతో ఫోన్లో రెండుసార్లు దెబ్బలాడాను కూడా.

ఈ రోజు సాయంత్రం విసుగొచ్చి కుండీ బోర్లించాను. మట్టి తప్ప ఏమీ లేదు! పక్కనే కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటున్న మా మామ్మ, "ఏటెతుకుతున్నావే? అవెప్పుడో అయిపోయాయి కదా" అంది.

"అయిపోవడమేంటి మామ్మా?"

"నా పళ్లకి మెత్తబడాలని నానబెట్టావనుకున్నా. ఏక్‌దమ్ బాగా నానాయి బేటీ. ఇంకో నాలుగు పెట్టు."

"మరి నేను రోజూ నీళ్లు పోస్తుంటే చెప్పలేదేం?"

"పొద్దున్నే నీతో ఎవరు మాటలు పడతారు!"

ఇప్పుడు మావయ్య కాళ్లు పట్టుకుని మళ్లీ కాయలు అడగాలి. వక్క మొలవడానికి నిజంగా ఎన్నాళ్లు పడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. అన్నాళ్లూ మామ్మకి కనబడకుండా ఎక్కడ పాతాలో అది ముందు చెప్పండి.