మైకులో చెప్పిన మనవి

మా ఎదురింటి బేబికి కుదురు తక్కువ. కువైట్‌లో తొమ్మిదేళ్లు మంచాన పడ్డ ముసలమ్మకు సేవ చేసి మలికిపురం తిరిగొచ్చినా, కాలు ఒకచోట నిలవదు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరి పొయ్యి వెలగలేదో ముందు ఆమెకే తెలుస్తుంది. మంచి మనిషే, నోటికి మూతే లేదు.

ఆమె పక్కింటి ఎర్రయ్య కొబ్బరి దింపుకు వెళ్లి చెట్టు మీంచి జారిపడ్డాడు. నడుం విరిగి మంచాన ఉన్నాడు. భార్య సత్తెమ్మ గంజితో రోజులు నెట్టుకొస్తోంది గానీ ఎవరి గడపా తొక్కలేదు. అది చూసి బేబి ఊరుకోలేకపోయింది. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమనగానే అందరికంటే ముందు లేచి మైకు అందుకుంది.

"మా పక్కింటి సత్తెమ్మ వదిన వాళ్లు గంజి తాగి బతుకుతున్నారండీ. ప్రార్థన చెయ్యండి. కాస్త బియ్యం కూడా చూడండి."

పేరు పెట్టి అడిగితేనే ప్రార్థన గట్టిగా ఉంటుందని మా వాళ్ల నమ్మకం. చర్చి మీది లౌడ్‌స్పీకర్ సత్తెమ్మ పెరటివైపే తిరిగి ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా.

మధ్యాహ్నానికి మూడు సంచుల బియ్యం ఆ గుమ్మానికి చేరాయి. సత్తెమ్మ మూడింటినీ వీధిలో పెట్టి తలుపేసుకుంది. బేబి వెళ్లి పిలిస్తే లోపలినుంచే అరిచింది.

"మా కోసం ముష్టెత్తమని నేను చెప్పేనా నీకు? ఊరంతా విన్నారు. మా ఆయన మొహమ్మీద తువ్వాలేసుకుని ఏడుస్తున్నాడు. ఇంక నా గుమ్మం తొక్కకు!"

ఆ రోజు నుంచి బేబికి అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుంటుంది, లేస్తుంది, దడి దాకా వెళ్తుంది, తిరిగొస్తుంది. "సాయం చేద్దామని పరువు తీసేనక్కా" అని నాతో పదిసార్లు అంది. నాకు విసుగొచ్చి, "నాతో కాదు, ఆవిడతో చెప్పు" అని కసిరాను.

మూడో రోజు పొద్దున దడి అవతల ఎర్రయ్య మూలుగు వినిపించింది. అతన్ని పక్కకు తిప్పడం సత్తెమ్మ ఒక్కదానివల్ల కావడం లేదు. వీపంతా పుండ్లు పడుతున్నాయి. ఇక బేబి ఆగలేదు. వెళ్లి తలుపు కొట్టింది.

"వదినా, నాది తప్పే. బియ్యం తేలేదు. అన్నయ్యని తిప్పి, వీపు తుడిచి పోతాను. తరవాత ఎన్ని తిట్టినా పడతాను."

గడియ తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది సత్తెమ్మ. "మళ్లీ మైకులో చెప్తావా?"

"చెప్తే నా నోరు పడిపోవాలి."

నడుం కింద దుప్పటి మడతపెట్టి మెల్లగా లాగితే నొప్పి తెలియకుండా మనిషిని తిప్పవచ్చని బేబి కువైట్‌లో నేర్చుకుంది. రోజూ రెండు పూటలా వెళ్లింది. తుడిచింది, మందు రాసింది. సత్తెమ్మ సాయం పట్టింది గానీ పలకరించలేదు. ఇంటికొచ్చాక బేబి బియ్యం డబ్బా మూత తీసేది, మళ్లీ పెట్టేసేది. ఆ ఇంట్లో ఏం తింటున్నారో తెలుసు, ఇస్తానంటే మళ్లీ తలుపు మూసుకుంటుందేమోనని భయం. ఆ వారంలో మనిషి సగమైపోయింది.

ఆదివారం జాన్ పాస్టరు గారు మైకులో మనవులు అడిగారు. అందరం బేబి వైపే చూశాం.

"ఏమైనా ఉందామ్మా?"

"ఏం లేదండీ అయ్యగారూ" అంది బేబి, పైట కొంగు మెలితిప్పుతూ.

నేనూ బేబీ వాళ్లింటికి వచ్చేసరికి దడి మీదుగా స్టీలు గ్లాసు పట్టుకున్న చెయ్యొకటి కనిపించింది.

"ఏమే బేబీ, బియ్యం చాల్లేదు. ఓ గ్లాసుడు పెడతావా?"

"ఆయ్ వదినా!" అంటూ బేబి పరిగెత్తి డబ్బా తెచ్చింది. ఆ ఆత్రంలో గ్లాసులో పడినదానికంటే నేల మీద పడిందే ఎక్కువ.